సవరణ: గిల్ స్కాట్-హెరాన్ పోస్టులో మార్చినవి

అమెరికన్ కవి, గాయకుడు గిల్ స్కాట్-హెరాన్ మీద మొన్న పెట్టిన పోస్టులో ‘ది రెవల్యూషన్ విల్ నాట్ బి టెలివైజ్డ్’ పాట 1971 నాటిదనీ, ఆయన డ్రమ్ముల దరువు మీద కవిత్వం చెప్పే లాస్ట్ పోయెట్స్ బృందంలో ఒకడనీ ఉంది. రెండూ మార్చాను.

ఆయన ఆ బృందంలో ఎప్పుడూ లేడు. పెన్సిల్వేనియాలోని లింకన్ యూనివర్సిటీలో చదివే రోజుల్లో వాళ్ల ప్రదర్శన చూశాడు, అంతే.

ఇక పాట సంగతి. అది మొదట వచ్చింది 1970లోనే, వెనక కాంగా, బాంగో డ్రమ్ముల దరువు తప్ప ఇంకేమీ లేకుండా, కవి మన ఎదురుగా నిలబడి నిలదీస్తున్నట్టు ఉంటుంది. మనలో చాలామంది విన్నది మాత్రం 1971లో ‘పీసెస్ ఆఫ్ ఎ మ్యాన్’ ఆల్బమ్ కోసం మళ్లీ రికార్డు చేసింది: రాన్ కార్టర్ బేస్, బెర్నార్డ్ పర్డీ డ్రమ్స్, మాటల సందుల్లోంచి దూసుకొచ్చే హ్యూబర్ట్ లాస్ ఫ్లూట్. నాకైతే మొదటిదే ఎక్కువ పదునుగా అనిపిస్తుంది, రెండూ వరసగా విని చూడండి.

సంగీతకారుడు బ్రయాన్ జాక్సన్ పేరు కూడా చేర్చాను. లింకన్‌లోనే కలిసిన ఈ స్నేహితుడు లేకుండా గిల్ డెబ్బైల నాటి సంగీతం గురించి మాట్లాడటం అన్యాయం. 1974 నాటి ‘వింటర్ ఇన్ అమెరికా’ ఆల్బమ్ అట్ట మీద ఇద్దరి పేర్లూ ఉంటాయి, అందులోని ‘ది బాటిల్’ పాటలో ఫ్లూట్ వాయించింది జాక్సనే.

ఇంకొకటి. మార్టిన్ లూథర్ కింగ్ పుట్టినరోజును జాతీయ సెలవు దినం చెయ్యాలన్న ఉద్యమాన్ని నడిపింది గిల్ అన్నట్టు ఆ పోస్టులో ఉంది. పాటతో, కచేరీలతో దాన్ని ముందుకు తీసుకెళ్లింది గాయకుడు స్టీవీ వండర్. స్టీవీ టూర్‌లో పాడాల్సిన బాబ్ మార్లే జబ్బుపడటంతో ఆ టూర్‌లో గిల్ కొనసాగాడు, 1981 జనవరి 15న వాషింగ్టన్ సభలోనూ ఉన్నాడు. చట్టం 1983లో వచ్చింది.