మా ఊరిని కూడా వివాదంలో పెట్టండి

దేశ భవితవ్యం తరగతి గదుల్లో రూపుదిద్దుకుంటోందని కొఠారీ కమిషన్ 1966లో చెప్పింది. నివేదిక మొదలయ్యేదే ఆ మాటతో. అప్పట్నుంచి విద్య మీద జరిగే ప్రతి సెమినార్‌లో ఎవరో ఒకరు ఆ మాట చదవడం, మిగతావాళ్లు తలూపడం, ఆ తర్వాత అందరూ భోజనాలకి లేవడం ఆనవాయితీ అయిపోయింది. జాతీయాదాయంలో ఆరు శాతం చదువు మీద ఖర్చు పెట్టాలని కూడా అదే కమిషన్ చెప్పింది. 2020లో కొత్త విద్యా విధానం వచ్చి, బాగా ఆలోచించి, మళ్లీ అదే ఆరు శాతం అంది. ఇన్నేళ్లపాటు ఒక్క గీత కూడా పడకుండా కొత్తదానిలా ఉన్న లక్ష్యం మన దేశంలో ఇంకోటి ఉంటే చూపించండి. వాడితే పాడైపోతుందని జాగ్రత్త చేశారు.

కొఠారీగారి మీద గౌరవంతోనే నేనొక చిన్న సవరణ ప్రతిపాదిస్తున్నాను. ఒడిశాలో, పర్లాకిమిడిలో ఉంటున్న తెలుగువాణ్ణి కాబట్టి ఈ విషయంలో నాకు ఫీల్డ్ వర్క్ తక్కువేం లేదు. నా పరిశోధనలో తేలిందేమిటంటే, తరగతి గది ఉంటే సరిపోదు. ఆ గది ఏ రాష్ట్రానిదో తేలకూడదు. తేలిందా, ఇక ఆ ఊరి అభివృద్ధి సంగతి మర్చిపోవచ్చు.

సాక్ష్యం కావాలంటే కొటియా చూడండి. కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకులో కొండల మధ్య 21 ఊళ్లు, అవతల సాలూరు. మావి అని ఒడిశా, మావే అని ఆంధ్ర. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకెక్కింది, 2006లో కోర్టు ఆ దావాని సాంకేతిక కారణాలతో కొట్టేసింది, ఊళ్లు మాత్రం ఎక్కడివక్కడే యథాతథ స్థితిలో ఉండిపోయాయి. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర అక్కడ మూడు ఊళ్లలో పంచాయతీ ఎన్నికలు పెడితే, ఇది కోర్టు ధిక్కారం అంటూ ఒడిశా మళ్లీ ఢిల్లీ పరిగెత్తింది. పేపర్లో చదివేవాళ్లకి ఇది గొడవలాగే కనిపిస్తుంది. కానీ అక్కడ రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు ఉన్న కుటుంబాలున్నాయి. ఇటువాళ్లు వచ్చి రోడ్డు వేస్తామంటే అటువాళ్లు వచ్చి పింఛను ఇస్తామంటారు, ఇటు అధికారుల జీపు దిగేలోపు అటు నాయకుల కాన్వాయ్ ఎక్కుతుంటుంది. మా దగ్గర ముసలివాళ్లు పింఛను చుట్టూ తిరుగుతారు. అక్కడ పింఛనే ముసలివాళ్ల చుట్టూ తిరుగుతోంది.

ఇది మా మావకి చెప్తే ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. “ఆస్తి కోసరం ఇద్దరు కొడుకులు పోటీపడి తల్లికి అన్నం పెట్టినట్టు ఉందిరా. ఆయమ్మ కడుపైతే నిండింది కదా, మరింకేటి?”

మా ఊరి దురదృష్టం ఏమిటంటే మా తగువు 1936లోనే తీర్చేశారు. ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది, పర్లాకిమిడి అందులో కలిసింది, మా రాజావారు కృష్ణచంద్ర గజపతి మరుసటి ఏడాది ఆ రాష్ట్రానికి మొదటి ప్రధాని (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవాళ్లు) కూడా అయ్యారు. అంతా చక్కగా, స్పష్టంగా, మ్యాపు మీద గీత గీసి మరీ తేల్చారు. ఆ గీత గీసిన దొర ఎవరోగానీ కాస్త బద్ధకస్తుడై ఉంటే ఈపాటికి మాకూ అన్నీ రెండేసి ఉండేవి.

ఇప్పుడు సిద్ధాంతాల దగ్గరికి వద్దాం, లేకపోతే ఇది శాస్త్రీయ వ్యాసం కాదంటారు.

సమాజం తన పిల్లల్ని తనలాగా మలుచుకోవడమే చదువు అన్నాడు ఫ్రాన్స్ పండితుడు డ్యుర్‌కైమ్. ఏ సమాజం అని ఆయన్ని నిలదీయాలనిపిస్తుంది గానీ, ఆయన పుట్టింది లొరేన్‌లో, 1871లో ఆ లొరేన్‌లో కొంత భాగాన్ని జర్మనీ పట్టుకుపోయింది. అంటే ఆయనా మా బాపతే, క్షమించేద్దాం. తర్వాత షుల్ట్జ్ అని అమెరికా ఆర్థికవేత్త, 1979లో నోబెల్ కూడా వచ్చింది, మనిషి చదువు మీద పెట్టే ఖర్చు ఖర్చు కాదు పెట్టుబడి అన్నాడు. ఈ సిద్ధాంతాన్ని మా పక్క గంజాం జిల్లా అక్షరాలా అమలు చేస్తోంది. అక్కడ బళ్లలో తయారైన మానవ పెట్టుబడి బరంపురం స్టేషన్‌లో జనరల్ బోగీ ఎక్కి, కూర్చునే చోటు లేక నిలబడి, సూరత్ మరమగ్గాల దాకా వెళ్తుంది. దేశాభివృద్ధి జరుగుతోంది, కాదనలేం. గుజరాత్ కూడా దేశమే కదా.

నాకు బాగా నచ్చినవాడు మాత్రం ఫ్రాన్స్ సమాజ శాస్త్రవేత్త బూర్ద్యూ. ఇంటి భాష, ఇంటి తీరు బడికి దగ్గరగా ఉన్న పిల్లాడు అక్కడ తెలివైనవాడిలా కనిపిస్తాడనీ, పుట్టుకతో వచ్చిన ఆ సౌకర్యానికే బడి ప్రతిభ అని పేరు పెట్టి సర్టిఫికెట్ ఇస్తుందనీ ఆయన అన్నాడు. మా గుంటణ్ణి చూసి ఉంటే ఇంకో రెండు అధ్యాయాలు రాసేవాడు. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, ట్యూషన్‌లో ఇంగ్లీషు, ఫోన్‌లో హిందీ. మా వాడు నాలుగు భాషల్లో మౌనంగా ఉండగలడు.

ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకునే వీలు భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి రాష్ట్రాలు కల్పించాలని రాజ్యాంగంలో 350ఏ అధికరణం ఉంది, 1956లో చేర్చారు. కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే చెప్పాలని 2020 విధానం కూడా అంది, అయితే ‘వీలైన చోట’ అని ఒక ముక్క తగిలించింది. ఆ ముక్క ఎక్కడ వర్తిస్తుందో మాకు బాగా తెలుసు. మా వైపు తెలుగు పంతులు రిటైరైతే ఆయనతోపాటు ఆయన పోస్టు కూడా రిటైరవుతుంది. శాలువా మాత్రం ఒక్కటే కప్పుతారు.

పోనీ గుంటడు ఇక్కడ ఎలాగోలా ఇంటర్ గట్టెక్కి, మనది తెలుగే కదా అని శ్రీకాకుళంలోనో విశాఖలోనో ఇంజనీరింగ్ సీటుకి వెళ్తాడు అనుకోండి. అక్కడ వాడికి నాన్‌లోకల్ అనే బిరుదిస్తారు. 371డి అధికరణం, దాని కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు లోకల్ వాళ్లవి. లోకల్ అంటే ఏం మాట్లాడతావని కాదు, వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివావు అని. మహేంద్రతనయ ఏటికి అవతల, ఆంధ్ర వైపు పాతపట్నంలో ఉన్న వాడి మేనత్త కొడుకు లోకల్, వీడు కాదు. ఇద్దరూ ఒకే సంతలో జీళ్లు కొనుక్కుని తిన్నవాళ్లే. ఇక్కడ చూస్తే వీడు అల్పసంఖ్యాకుడు, అక్కడ చూస్తే పరాయివాడు. సమాజ శాస్త్రంలో దీనికి పేరేదో ఉండే ఉంటుంది, మా ఇంట్లో మాత్రం టెన్షన్ అంటాం.

ఇక్కడ గిడుగు రామమూర్తిగారిని తలుచుకోకపోతే పాపం. ఆయన మా పర్లాకిమిడిలోనే బడిపంతులు, 1880లో చేరారు. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవర గిరిజనుల పిల్లలకి తెలుగులో పాఠం చెప్తే ఎక్కడం లేదని గమనించి, ఆయనే కూర్చుని సవర భాష నేర్చుకున్నారు, అందులో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బళ్లు పెట్టారు. ఆధునిక విద్యా ప్రణాళిక దృష్టితో చూస్తే ఆయన పద్ధతిలో పెద్ద లోపాలున్నాయి. టెండర్ పిలవలేదు, శిలాఫలకం వేయించలేదు, అన్నిటికన్నా ఘోరం, పిల్లలు ఇంట్లో ఏం మాట్లాడుతున్నారో ముందే విన్నారు. 1936లో ఊరు ఒడిశాలో కలిశాక ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని ఆయన పటానికి దండ వేస్తారు. సవర వాచకాల సంగతి ఆ ఉపన్యాసాల్లో రావడం నేను పెద్దగా వినలేదు, వాడుక భాష దగ్గరే టైమ్ అయిపోతుంది. న్యాయంగా చెప్పాలంటే ఈ శతాబ్దం మొదట్లో రెండు రాష్ట్రాలూ గిరిజన భాషల్లో బోధన పథకాలు మొదలుపెట్టాయి. ఆయన చెప్పిన వందేళ్లకి. ప్రభుత్వ ఫైలుకి అది మామూలు వేగమే.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. దేశంలో ప్రతి ఊరినీ వివాదాస్పద గ్రామంగా ప్రకటించాలి. కనీసం రెండు రాష్ట్రాలు ఆ ఊరు మాదేనని గట్టిగా అనాలి. నడిమధ్యలో ఉండి ఏ సరిహద్దూ తగలని జిల్లాలు చిన్నబుచ్చుకోనక్కర్లేదు, పక్క జిల్లాతో తగువు పెట్టుకుంటే సరి. పంతుళ్ల కొరత చూడండి ఎలా పోతుందో. ఒక్కో బడికి రెండు రాష్ట్రాల పంతుళ్లుంటే, ఒకాయన జనగణనకి పోయినా, ఇంకొకాయన ఎన్నికల డ్యూటీకి పోయినా... సరే, ఇద్దరూ పోతారు, అయినా హాజరు పట్టీలు రెండుంటాయి. పిల్లాడు ఒక్కడే రెండు పట్టీల్లో ఉంటే దేశంలో బడికి వెళ్లే పిల్లల సంఖ్య రాత్రికి రాత్రి రెట్టింపు. ఇంత చవగ్గా ఇంత అభివృద్ధి ఏ అంతర్జాతీయ బ్యాంకూ చూపించలేదు.

ఇందులో ఒక చిక్కు లేకపోలేదు, నిజాయితీ గల పరిశోధకుడిగా చెప్పేస్తాను. కొటియా కొండల్లో ఒకరు ఒడియాలో, ఒకరు తెలుగులో చెప్తామంటున్నారు. చాలా ఇళ్లలో మాట ఒడియా కాదు, తెలుగూ కాదు, కువి లాంటి గిరిజన భాషలు. వాటి తరఫున ఆ ఊళ్లు మావి అని కోర్టుకెళ్లే రాష్ట్రం లేదు. రెండు ప్రభుత్వాలు పోటీపడి పిల్లాడికి పుస్తకం ఇవ్వగలవు, బూట్లు ఇవ్వగలవు, మధ్యాహ్నం గుడ్డు కూడా పెట్టగలవు. వాడేమన్నాడో అర్థం కావాలంటే మాత్రం మూడో పార్టీ కావాలి. దాన్ని ఎక్కణ్ణుంచి తేవాలన్నది రెండో దశలో చూద్దామని పెట్టుకున్నాను, నిజం చెప్పాలంటే పథకాల్లో కష్టమైనవన్నీ రెండో దశలోనే ఉంటాయి.

మొదటి దశగా మా ఊరి మీద వివాదం రేపమని రెండు ప్రభుత్వాలకీ అర్జీ పెడుతున్నాను. మావ సంతకం పెడతానన్నాడు గానీ అడిగిందొక్కటే, “ఇద్దరూ మాదే మాదే అని కొట్టుకుంటే గుంటడు ఏ పక్క లోకలౌతాడురా?” కమిటీ వేస్తారని చెప్పాను. ఒడియా ప్రతి సిద్ధంగా ఉంది. తెలుగు ప్రతికి మా వీధిలో టైప్ చేసేవాళ్లెవరూ దొరకలేదు, పాతపట్నంలో ఒకతను చేస్తాడట. మీసేవ పక్క షాపు, సోమవారం రమ్మన్నాడు, ఆధార్ కూడా తెమ్మన్నాడు. ఒడిశా అడ్రసున్నది చెల్లుతుందో లేదో కనుక్కుని చెప్తానన్నాడు.