ఒక్క ‘రౌస్’ ఎక్కువైంది

అత్తయ్యగారు నిన్న క్షేమంగా హైదరాబాద్ చేరారు. ఫోన్ చేసి ముప్పావుగంట మాట్లాడారు, మా ఆవిడతో. నా ఊసే ఎత్తలేదు. ఎందుకో తెలియాలంటే పోయిన గురువారం నేను మెట్లు తుడుస్తున్న దగ్గరికి రావాలి.

మేముండేది జర్మనీలో, స్టుట్‌గార్ట్‌లో. ఇక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో మెట్లు తుడవడం వంతులవారీ పని. కేర్‌వొహ అంటారు. ఆ వారం వంతు ఎవరిదో వాళ్ళ గుమ్మానికి చిన్న బోర్డు వేలాడుతుంది. మెట్లు తుడిచేసి, వారం కాగానే బోర్డుని పక్కవాళ్ళ తలుపుకి తగిలించి ఊపిరి పీల్చుకోవాలి. నేను బకెట్టూ గుడ్డా పట్టుకుని మలుపు దగ్గరున్నాను. మూలలు సరిగ్గా తుడుస్తున్నానో లేదో చూడ్డానికి కింది వాటా పెద్దావిడ వచ్చింది.

ఆవిడా మా అత్తయ్యగారూ ప్రాణస్నేహితులు. ఆవిడకి తెలుగు రాదు, ఈవిడకి జర్మన్ రాదు. పులిహోర కిందికి వెళ్ళేది, ఆపిల్ కేకు పైకి వచ్చేది. మూడు నెలల్లో ఇద్దరి మధ్యా ఒక్క అపార్థం రాలేదు. భాష నేర్చుకున్నవాణ్ని నేనొక్కణ్నే.

“అమ్మగారు ఎలా ఉన్నారు?” అంది. ఆదివారం విమానం ఎక్కుతున్నారని చెప్పాలి. మన బుర్రలో ఏ భాషైనా ఇంగ్లీషు మీదుగానే కదా ప్రయాణం. ‘షి ఈజ్ ఫ్లైయింగ్ ఔట్ ఆన్ సండే.’ ఫ్లై అంటే ఫ్లీగెన్. ఔట్ అంటే రౌస్. రెండూ కలిపితే రౌస్‌ఫ్లీగెన్. అలాంటి మాట నిఘంటువులో ఉందా? ఉంది, నా కళ్ళతో చూశాను. అర్థం మాత్రం చదవలేదు.

ఇక్కడ మా కోర్సు గురించి చెప్పి తీరాలి. జర్మన్‌లో కొన్ని క్రియలు రెండు ముక్కలవుతాయి. అసలు క్రియ వాక్యంలో రెండో స్థానంలో కూర్చుంటుంది, దాని తోక మాత్రం వాక్యం చివరికి పోతుంది. ఆ తోక మర్చిపోతే మా టీచరమ్మ అర మార్కు కోసేది. లోపలున్నవాడు బయటికి గెంటితే ‘హినౌస్’, బయటున్నవాడి వైపుకి వచ్చి పడితే ‘హెరౌస్’, మామూలు మాటల్లో రెండూ అరిగి ‘రౌస్’ అని బోర్డు మీద ఇల్లూ తలుపూ బొమ్మలు గీసి ఒక క్లాసంతా చెప్పింది. ఫీజు కట్టినందుకు ఆ బొమ్మలు నాకు ఇప్పటికీ గుర్తే. ఆ గెంటుడు మాటతో అత్తగారి ప్రయాణం చెప్పకూడదని మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

సరే, మొదలుపెట్టాను. “మైన ష్వీగర్‌ముట్టర్ ఫ్లీక్ట్ అమ్ జొన్‌టాక్...”

ఇక్కడ ఆపేసి ఉంటే నేను పండితుణ్ని. మా అత్తగారు ఆదివారం విమానంలో వెళ్తున్నారు. ఇంతకంటే శుభ్రమైన జర్మన్ ఉండదు. పెద్దావిడ నవ్వుతోంది కూడా. కానీ నేను అర మార్కులు పోగొట్టుకున్నవాణ్ని. వాక్యం చివర ఏదో వెలితిగా ఉంది. ఊపిరి తీసుకుని, తోకని తెచ్చి, దాని స్థానంలో గర్వంగా పెట్టాను.

“...రౌస్.”

నవ్వు అక్కడే ఆగిపోయింది. మన తెలుగులోనూ క్రియ వచ్చేదాకా మనిషి బతికాడో పోయాడో తెలియదు కదా, అలా అయింది. రౌస్‌ఫ్లీగెన్‌లో ఎగిరేది మనమేగానీ తన్నేది ఇంకొకడు. ఉద్యోగం ఊడినవాడు, బార్లోంచి గెంటించుకున్నవాడు ఇలా ‘ఎగురుతారు’. మా అత్తగారిని ఆదివారం మెడపట్టి బయటికి గెంటుతున్నామని, బకెట్టు చేత్తో పట్టుకుని, చిరునవ్వుతో ప్రకటించాను.

“వరూమ్?” అంది. ఎందుకు అని. స్నేహితురాలు వెళ్ళిపోతోందని బాధపడుతోంది పాపం, అనుకున్నాను. యూరప్ దేశాల్లో చాలావాటికి కలిపి ఇచ్చే షెంగెన్ విజిటర్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులకి మించి ఉండకూడదు. అంత పెద్ద వాక్యం నాకెక్కడ వస్తుంది? “ద్రై మొనాటె. ఎస్ రైష్ట్” అన్నాను. మూడు నెలలు, అంతే, అని నా ఉద్దేశం. బేకరీలో ఇంకేమైనా కావాలా అంటే ‘దస్ రైష్ట్’ అని రోజూ చెప్పే మాటే, చాలని. అత్తగారి విషయంలో అదే మాటకి ‘మూడు నెలలు భరించాం, ఇక చాలు’ అని అర్థమట.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. చూపు మెట్ల మలుపులో ఉన్న కిటికీ మీదికి వెళ్ళింది. కిటికీకీ గెంటడానికీ ఈ ప్రాంతాల్లో పాత చుట్టరికం. 1618లో ప్రాగ్ కోటలో చక్రవర్తి అధికారులిద్దర్నీ, వాళ్ళ కార్యదర్శినీ ఎత్తి కిటికీలోంచి కిందికి విసిరేశారు. ముగ్గురూ బతికారు, ముప్ఫై ఏళ్ళ యుద్ధం మాత్రం మొదలైంది. ఆ కార్యదర్శికి తర్వాత ‘ఎత్తునుంచి పడినవాడు’ అనే అర్థం వచ్చే బిరుదు కూడా ఇచ్చారు. ఈ పనికి ఇంగ్లీషులో డిఫెనెస్ట్రేట్ అని ఒక క్రియే ఉంది. జర్మన్‌లో ఫెన్‌స్టర్‌ష్టుర్త్స్. అయితే ఇల్లు కట్టే మేస్త్రీకి అదే మాట కిటికీ పైన వేసే లింటెల్. ఏ క్షణాన ఎవరు ఏ అర్థంలో వాడతారో మనం కనిపెట్టుకుని ఉండాలి.

“ఆవిడకి తెలుసా?” అని నెమ్మదిగా అడిగింది.

“ఓ, తెలుసు! సూట్‌కేసులు కూడా గుమ్మం దగ్గర పెట్టేశాం.”

ఆవిడ గిర్రున తిరిగి దిగిపోయింది. నేను మిగతా మెట్లు తుడిచాను, మూలలతో సహా.

శనివారం బెల్లు మోగింది. చేతిలో ఆపిల్ కేకు, ఇంకో చేతిలో తాళంచెవి. నావైపు చూడలేదు. అత్తయ్యగారి చేతులు పట్టుకుని మా ఆవిడతో ఏదో చెప్పింది. మా ఆవిడ జర్మన్ నాకంటే మెరుగు. మొదట తెల్లబోయింది, తర్వాత నవ్వలేక సోఫాలో కూలబడింది.

“అమ్మా, ఈయన నిన్ను గెంటేస్తున్నానని చెప్పారట. వాళ్ళ అబ్బాయి గది ఖాళీగా ఉందట, ఎన్నాళ్ళైనా ఉండమంటోంది.”

“నేనేం చేశాను బాబూ?” అన్నారు అత్తయ్యగారు. నవ్వలేదు.

“అయ్యో, లేదత్తయ్యా, నేనన్నది మిమ్మల్ని సాగనంపుతున్నామని...”

సాగనంపడం! నోరు జారాక గానీ తెలియలేదు. పెళ్ళికూతుర్నీ సాగనంపుతారు, వదిలించుకోవాల్సినవాణ్నీ సాగనంపుతారు. ఇది ఏ కోర్సుకీ వెళ్ళకుండా నేర్చుకున్న సొంత భాష. వినాయకుడికి భక్తితో చెప్పే ఉద్వాసననే పేపర్లవాళ్ళు మంత్రి పదవి ఊడితే వాడతారు. అదృష్టం, ఆ మాట ఆ టైముకి గుర్తు రాలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక నిఘంటువు ముందేసుకున్నాను. జర్మన్‌లో ఎంట్‌లాసెన్ అని ఒక క్రియ ఉంది. ఆస్పత్రినుంచి డిశ్చార్జ్ చేసినా, జైల్లోంచి వదిలినా, ఉద్యోగంలోంచి తీసేసినా అదే. అంటే వచ్చే నెల నేను ఆస్పత్రిలో ఉండి బయటపడ్డానని చెబితే జనం కళ్ళనీళ్ళు పెట్టుకుని, వేరే ఉద్యోగం చూపిస్తామంటారేమో. ఇంతకీ అత్తయ్యగారిని నిజంగా బయటికి పంపింది 90 రోజుల రూలు. దాన్ని ఎవరూ ఏమీ అనలేదు.

ఆదివారం పెద్దావిడ స్టేషన్‌దాకా వచ్చింది. ఇద్దరూ ఏడ్చారు. సూట్‌కేసులు నేను మోశాను.

సోమవారం పొద్దున్నే బోర్డుని ఎదురింటి తలుపుకి తగిలించాను. ఇవాళ తలుపు తీస్తే మళ్ళీ మా గుమ్మానికే ఉంది. ఇది నా వంతు కాదని కిందికెళ్ళి చెప్పాలి. వాక్యం రాసుకున్నాను, చివర తోక ఉంది. మా ఆవిడ ఆఫీసునుంచి రానీ.