పాలు తోడు పెట్టాలి

ఏప్రిల్ నెలలో ఒక రాత్రి మూడు గంటలకు మా ఆఫీసులో 340 మందికి ఒకేసారి మెలకువ వచ్చింది. కారణం మా ఇంటి పాలగిన్నె.

అంతకుముందు మా పోర్టల్‌లోకి వెళ్తే కనిపించేవి మూడే: జీతం స్లిప్పు, సెలవు దరఖాస్తు, ఏ కాలం నాటివో తెలియని ముగ్గుల పోటీ ఫొటోలు. మెయిల్ ఒకచోట, ఫోన్ నంబర్లు ఎక్సెల్ షీట్‌లో, మీటింగులు ఇంకోచోట ఉండేవి. "ఒక్క లాగిన్‌తో అన్నీ ఒకే పేజీలో కనపడాలయ్యా. ఎన్ని రోజులు పడుతుంది?" అన్నారు మేనేజర్ గారు. నేను నోరు తెరిచేలోపు "రెండు వారాలు చాలు కదా" అని జవాబు కూడా ఆయనే చెప్పుకున్నారు.

ఈ పని ఉమ్మడి కాపురం పెట్టించడం లాంటిది. మెయిల్ తెచ్చిపెట్టే ఐమ్యాప్ 1986లో పుట్టిన పెద్దాయన. క్యాలెండర్లు పంచుకునే క్యాల్‌డావ్ 2007 నాటిది. కాంటాక్టులు మోసే కార్డ్‌డావ్ 2011లో వచ్చిన చిన్నది. ముగ్గురి పద్ధతులూ వేరు, ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. మధ్యలో దుబాసీ నేను.

పేర్ల దగ్గరే వారం గడిచిపోయింది. కాంటాక్టు కార్డులో ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు ఒక గడి ఉంటాయి. మనవాళ్ళలో సగం మంది ఇంటిపేరు ముందు రాస్తారు, కొందరు ఒక్క అక్షరంతో సరిపెడతారు, కొందరు పాస్‌పోర్టులో తిరగేశారు. దాంతో పోర్టల్ ముగ్గురు శ్రీనివాసరావులను ఒకే మనిషి అనుకుని కలిపేసింది. ఒకాయన జీతం పెంపు మెయిల్ ఇంకొకాయనకు వెళ్ళింది. అందుకున్నాయన తప్పు వచ్చిందని మాత్రం చెప్పలేదు. సరే, పేరు వదిలేసి ఫోన్ నంబరు చూసి పోలుద్దామనుకున్నాను. ఒకే నంబరుకు రెండు పేర్లుంటే కొత్తగా వచ్చిన పేరే ఉంచాలని నియమం రాశాను. చాలా తెలివైన నియమం అని ఆ సాయంత్రం నాకు నేనే టీ ఇప్పించుకున్నాను.

పరీక్షించడానికి డేటా కావాలి. సొంత అకౌంట్‌తో ఎప్పుడూ టెస్ట్ చేయకూడదని ట్రైనీలకు ఏటా చెప్పేది నేనే. ఆ రోజు మాత్రం ఇంటికి వెళ్ళే తొందరలో నా ఫోన్ అకౌంటే కలిపాను. "రెండు వైపులా సింక్" (అంటే ఒకచోట మారిస్తే రెండోచోటా మారిపోతుంది) దగ్గర టిక్కు ఉంది. "అన్ని క్యాలెండర్లు" దగ్గర కూడా ఉంది. మా ఆవిడ తన క్యాలెండర్ నాతో పంచుకుందన్న సంగతి గుర్తు లేదు. అది ఎక్కడికి చేరుతుందో చూడలేదు. అది చేరింది "ఉద్యోగులందరూ" అన్న గుంపుకి.

మా ఆవిడ రోజూ రాత్రి తొమ్మిదిన్నరకు ఒక అలారం పెట్టుకుంది. 'పాలు తోడు పెట్టాలి' అని. ఆ ఎంట్రీలో 21:30 అనీ, పక్కన ఇది ఇండియా టైమ్ అనీ స్పష్టంగా ఉంది. నా కోడ్ ఆ పక్క ముక్క చదవలేదు. 21:30 అంటే గ్రీనిచ్ సమయం అనుకుని, మన దేశానికి అయిదున్నర గంటలు కలిపి, తెల్లవారుజామున మూడింటికి 340 ఫోన్లు మోగించింది. రోజూ మోగాలని కూడా రాసుకుంది.

మా ఇంట్లో రెండు ఫోన్లూ మోగాయి. మా ఆవిడ లేచి, చూసి, "మూడింటికి తోడు పెడితే పొద్దున టిఫిన్ వేళకు పెరుగెలా అవుతుందండీ?" అంది. ఆమె అభ్యంతరం అదొక్కటే.

నేను ల్యాప్‌టాప్ తెరిచేసరికి, మీటింగు ఆహ్వానంలా అందరికీ చేరిన ఆ అలారానికి 61 మంది ఒప్పుకున్నారు. తొమ్మిది మంది 'బహుశా' అన్నారు. హెచ్ఆర్ వాళ్ళలో ఒకరు 'ఆ సమయంలో వేరే పని ఉంది' అని తిరస్కరించారు. డల్లాస్‌లో అప్పుడు సాయంత్రం నాలుగున్నర. అక్కడి మనవాడు ఒకడు అందరికీ రిప్లై కొట్టాడు: "ఇక్కడ ఏసీ చలికి తోడుకోవడం లేదు, చిట్కా ఏమైనా ఉందా?" దానికి పదిహేడు జవాబులు. ఓవెన్‌లో లైటు వేసి పెట్టమని కొందరు, పచ్చిమిర్చి తొడిమలు వెయ్యమని ఇంకొకరు. ఆ తర్వాత "దయచేసి అందరికీ రిప్లై ఇవ్వకండి" అని అందరికీ రిప్లై ఇచ్చినవాళ్ళు నలభై మంది.

తెల్లారి ఆఫీసుకు వెళ్తే క్యాలెండరే నయమనిపించింది. నా ఫోన్‌లోని కాంటాక్టులన్నీ కంపెనీ డైరెక్టరీలో దర్జాగా కూర్చున్నాయి. ఫైనాన్స్ విభాగం పైన 'ఫ్రిజ్ రిపేర్ (నమ్మకు)', కింద 'పాలబ్బాయి కొత్త నంబరు'. 'ఆవకాయ ముక్కలు కొట్టే ఆయన' అంటూ ఒక కార్డు, హోదా గడి ఖాళీ. నా తెలివైన నియమం కూడా తన పని తాను చేసింది. మేనేజర్ గారి నంబరు నా ఫోన్‌లో 'సెలవు రోజు ఎత్తొద్దు' అని ఉంటుంది. ముద్దుపేర్లకు కార్డులో వేరే గడి ఉంది, అందులో రాసుకోవలసింది. పొద్దున ఆయన పంపిన మెయిల్ అందరికీ 'సెలవు రోజు ఎత్తొద్దు' పేరుతోనే చేరింది. కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె "ఎత్తొద్దు సార్ క్యాబిన్ ఎటు?" అని వినయంగా అడిగింది. చూపించాను.

ఆయన పిలిచేలోపు తుడిచేద్దామని నా ఫోన్ నుంచి వచ్చిన 412 కార్డులూ ఎంచి డిలీట్ కొట్టాను. డైరెక్టరీ శుభ్రమైంది. సింక్ రెండు వైపులా అని అప్పుడు గుర్తొచ్చింది. ఫోన్ తీసి చూస్తే కాంటాక్టులు సున్నా.

మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్. "హలో, ఎవరండీ మాట్లాడేది?" అన్నాను. అటువైపు కాసేపు నిశ్శబ్దం. "అమ్మాయి ఫోన్ ఎత్తడం లేదని నీకు చేశాలే బాబూ" అని పెట్టేశారు మా అత్తగారు. ఆ సాయంత్రం ఇంట్లో జరిగింది ఇక్కడ అప్రస్తుతం.

నాలుగింటికి మేనేజర్ గారే నా సీటు దగ్గరకు వచ్చారు. నేను లేచి నిలబడ్డాను. అపాలజీ మెయిల్ డ్రాఫ్ట్ తెర మీదే ఉంది. ఆయన అటు ఇటు చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"పొద్దున డైరెక్టరీలో ముక్కలు కొట్టే ఆయనెవరో ఉన్నాడు కదా. ఇంట్లో పాతిక కాయలు తెచ్చి పెట్టారు, మా కత్తిపీటకు టెంక తెగడం లేదు. ఆ నంబరు ఇటివ్వు."

"తీసేశాను సార్. నా ఫోన్‌లోనూ పోయింది."

రాత్రి మూడింటి అలారానికి ఏమీ అనలేదు. ఎత్తొద్దు అన్న పేరుకూ ఏమీ అనలేదు. అప్పటిదాకా మామూలుగా ఉన్న మనిషి ముఖం ఎర్రబడింది.

"బ్యాకప్ తీసుకోకుండా డిలీట్ కొట్టావా?" అని ఫ్లోరంతా వినపడేలా అరిచారు.