పాయింట్లు వేసేవాడికీ ఒక కుర్చీ కావాలి

బీజీఎంఐ అంటే ఫోన్‌లో టీమ్‌లుగా ఆడే షూటింగ్ గేమ్, చివరిదాకా మిగిలిన టీమ్‌దే గెలుపు. మ్యాచ్ అయిపోగానే చికెన్ డిన్నర్ కొట్టిన, అంటే గెలిచిన, టీమ్ పేరు తెర మీద పడుతుంది. చూసేవాళ్లలో చాలామంది అక్కడితో లేచిపోతారు. కానీ ఆ మ్యాచ్‌లో ఎక్కువ పాయింట్లు వాళ్లకే రావాలని లేదు. ఇప్పుడున్న పద్ధతిలో మొదటి స్థానానికి 10, రెండుకు 6, మూడుకు 5, అలా తగ్గుతూ ఏడు, ఎనిమిది స్థానాలకు ఒక్కొక్కటి. ఆ కింద సున్నా. ప్రతి ఫినిష్‌కూ, అంటే ఎదుటి ఆటగాడిని లేపేసిన ప్రతిసారీ, 1. నలుగురిని లేపేసి గెలిచిన టీమ్‌కు 14 వస్తే, 11 మందిని లేపేసి మూడో స్థానంలో ఆగిన టీమ్‌కు 16.

ఈ కూడికకు మనిషెందుకు, ఎక్సెల్ షీట్ చాలదా? కూడికకు చాలు. ఆ అంకె ఎవరి ఖాతాలో పడాలన్నదే అసలు తలనొప్పి. ఒక లాబీలో, అంటే ఒక మ్యాచ్ గదిలో, 16 టీమ్‌లు, 64 మంది. ఒకడు ఐడీ పేరు మార్చుకుని వస్తాడు. ఇంకో టీమ్ తనది కాని స్లాట్‌లో కూర్చుంటుంది. రిజల్ట్ అంతా ఒక్క స్క్రీన్‌షాట్‌లో పట్టదు. ఒకటి మిస్సయిందా, ఆ రాత్రి వాట్సాప్ గ్రూపులో ఎవరికీ నిద్ర ఉండదు.

మూడో మ్యాచ్‌లో ఏడుగురిని లేపేసిన టీమ్ హ్యాక్ వాడిందని ఐదో మ్యాచ్ తర్వాత తేలిందనుకోండి. దాని పాయింట్లు కొట్టేయడం తేలికే. కింద ఉన్నవాళ్లను ఒక్కో మెట్టు పైకి జరపాలా? పోయిన ఆ ఏడుగురూ బతికుంటే తెచ్చుకునే పాయింట్ల మాటేమిటి? దానికి ఏ షీట్‌లోనూ గడి లేదు. ఇలాంటివి రూల్‌బుక్‌లో ముందే ఉండాలి, స్కోరర్ అప్పటికప్పుడు తేల్చకూడదు.

చిన్న టోర్నీల్లో రూమ్ తెరిచేది, పాస్‌వర్డ్ పంచేది, పాయింట్లు వేసేది, గొడవొస్తే తీర్పు చెప్పేది చాలాసార్లు ఒక్కడే. క్రికెట్ నిబంధనలైతే ఇద్దరు స్కోరర్లు ఉండాలంటాయి, ఇద్దరి లెక్కా ఎప్పటికప్పుడు సరిచూసుకోమంటాయి. 2025 ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ-స్పోర్ట్స్‌ను (పోటీగా ఆడే వీడియో గేమ్‌లను) డబ్బు పెట్టి ఆడే ఆటల నుంచి వేరు చేసి క్రీడగా గుర్తించింది. పేరుకు క్రీడ అయ్యాక, లెక్క రాసేవాడిని నిర్వాహకుడి నుంచి వేరు చేయడం పెద్ద ఖర్చేమీ కాదు.

మ్యాచ్ వారీగా స్థానం, ఫినిష్‌లు విడివిడిగా పెట్టి, పక్కనే స్క్రీన్‌షాట్లు ఉంచితే సగం గొడవలు పుట్టవు. ఇప్పుడు ఎక్కువగా కనిపించేది రంగుల పోస్టర్ ఒకటి: టీమ్ లోగో, ఎదురుగా మొత్తం. మొదట చెప్పిన ఆ 16 పాయింట్లలో ఫినిష్‌లు నిజంగా 11 ఉన్నాయో లేదో, ఆడినవాళ్లకైనా సరిచూసుకునే దారి లేదు.