డిప్లొమా స్కూలు చేతిలో, సీటు యూనివర్సిటీ చేతిలో

మన దగ్గర పిల్లాడు మిషన్ స్కూల్లో చదివినా, పదో తరగతి సర్టిఫికెట్ మీద ఉండేది బోర్డు పేరే. స్కూల్లో బైబిల్ క్లాసు జరిగినా మార్కుల మెమోలో దాని ఊసుండదు. అమెరికాలో ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో ప్రైవేటు స్కూలు పిల్లలకు బోర్డు పరీక్షే లేదు. ఎన్ని క్రెడిట్లు (మామూలుగా ఏడాది చదివి పాసైన ఒక్కో సబ్జెక్టుకు ఒకటి) వస్తే పాసో స్కూలే రాసుకుంటుంది, హైస్కూలు పూర్తయిందని చెప్పే సర్టిఫికెట్, అంటే డిప్లొమా కూడా తనే ఇస్తుంది. పిల్లలందరూ ప్రభుత్వ బడికే వెళ్లాలన్న ఆరెగాన్ చట్టాన్ని 1925లో సుప్రీంకోర్టు కొట్టేసినప్పటి నుంచి మత సంస్థల స్కూళ్ల ఉనికికి ఢోకా లేదు.

ఆ స్వేచ్ఛతోనే క్రిస్టియన్ హైస్కూళ్లు రెండు మూడు రకాల డిప్లొమాలు పెట్టుకున్నాయి. జనరల్, కాలేజ్ ప్రిపరేటరీ, ఆనర్స్ అన్నవి ఎక్కువగా వినిపించే పేర్లు. వీటిలో ఏ దారి (ట్రాక్) పట్టినా చాలా చోట్ల తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్లూ బైబిల్ తప్పనిసరి, దానికి తోడు సేవా గంటలు. రోజుకు ఏడు పీరియడ్లనుకుంటే నాలుగేళ్లకు 28 క్రెడిట్లు. అందులో బైబిల్‌కు నాలుగు. నమ్మకం కోసమే ఆ స్కూలును ఎంచుకున్న కుటుంబానికి అది నష్టం కాదు. నా అభ్యంతరం వేరే చోట ఉంది. డిప్లొమా అర్హతలు చెప్పే స్కూళ్లు, ఆ క్రెడిట్లలో యూనివర్సిటీ వేటిని లెక్కలోకి తీసుకుంటుందో అంత గట్టిగా చెప్పవు.

ఈ గొడవ ఒకసారి కోర్టుకే వెళ్లింది. కాలిఫోర్నియాలోని మరియెటాలో ఉన్న కాల్వరీ చాపెల్ క్రిస్టియన్ స్కూలు, క్రిస్టియన్ స్కూళ్ల అంతర్జాతీయ సంఘం ఏసీఎస్ఐతో కలిసి 2005లో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) మీద కేసు వేసింది. బాబ్ జోన్స్, అబెకా అనే క్రిస్టియన్ ప్రచురణ సంస్థల బయాలజీ పుస్తకాలతో చెప్పే కోర్సులనూ, చరిత్రలో, సాహిత్యంలో మరికొన్నింటినీ యూసీ అడ్మిషన్ అర్హతగా ఒప్పుకోలేదు. ఇది మత వివక్ష అన్నది స్కూలు వాదన. మీ బడిలో మీరేం చెప్పుకున్నా మాకు పని లేదు, మా దగ్గర చేరేవాళ్లకు ఏం వచ్చి ఉండాలో మేం చూసుకుంటాం అన్నది యూనివర్సిటీ జవాబు. 2008లో ఫెడరల్ జడ్జి యూసీ పక్షాన తీర్పిచ్చారు. 2010లో అప్పీలు కోర్టు దాన్ని సమర్థించింది, అదే ఏడాది సుప్రీంకోర్టు కేసు వినడానికి నిరాకరించింది.

తీర్పు సరైనదే. సిలబస్ రాసుకునే హక్కు స్కూలుకు ఉన్నప్పుడు, దాన్ని తూకం వేసే హక్కు యూనివర్సిటీకీ ఉండాలి. కాకపోతే ఈ రెండు హక్కుల మధ్య ఇరుక్కునేది పద్నాలుగేళ్ల పిల్లలు.

యూసీ అడిగేది ఒక్కోటి ఏడాది పాటు సాగే 15 కోర్సులు. ఇంగ్లిష్ నాలుగేళ్లు, లెక్కలు మూడేళ్లు, చరిత్ర, సైన్స్, మరో భాష రెండేసి ఏళ్లు, కళలు ఒకటి, నచ్చింది ఎంచుకునే సబ్జెక్టు (ఎలెక్టివ్) ఒకటి. పన్నెండో తరగతి మొదలయ్యేలోపే 11 పూర్తి కావాలి. అసలు ముడి లెక్కల దగ్గర పడుతుంది. ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2 ఒకదాని మీద ఒకటి నడుస్తాయి. జనరల్ డిప్లొమాలో ఆల్జీబ్రా 2 లేకపోతే, తొమ్మిదో తరగతిలో టెన్షన్ తగ్గుతుందని ఆ ట్రాక్ పట్టిన పిల్లాడికి పదకొండులో మనసు మారినా టైమ్ సరిపోకపోవచ్చు. తప్పంతా క్రిస్టియన్ స్కూళ్లదే అనడం కూడా అన్యాయం. కాలిఫోర్నియాలో ప్రభుత్వ స్కూలు పిల్లలకు చట్టం పెట్టిన కనీస అర్హతలో లెక్కలు రెండేళ్లే, ఇంగ్లిష్ మూడేళ్లే. ఆ డిప్లొమా ఒక్కటే పట్టుకెళ్లినా యూసీ తలుపు తీయదు.

ఒకప్పుడు కాలేజీ ప్రవేశాలకు రాసే శాట్ పరీక్షలో స్కోరు గట్టిగా ఉంటే స్కూలు పేరు, ట్రాక్ పేరు కొంత మరుగున పడేవి. యూసీ ఇప్పుడు సీట్లిచ్చేటప్పుడు ఆ స్కోరు చూడటమే లేదు. దాంతో ట్రాన్‌స్క్రిప్ట్ (హైస్కూల్లో చదివిన కోర్సులు, మార్కుల పట్టిక) బరువు ఇంకా పెరిగింది. కాబట్టి స్కూల్లో చేర్చే ముందు అడగాల్సింది ఆనర్స్ డిప్లొమా ఉందా అని కాదు, ఏ కోర్సులకు యూసీ ఆమోదం ఉందని. ఆ జాబితా స్కూలు పేరు కొడితే ఆన్‌లైన్‌లోనే కనిపిస్తుంది, ఎవరైనా చూసుకోవచ్చు. ఆ జాబితాను తొమ్మిదో తరగతి అడ్మిషన్ ఫారంతోపాటు తల్లిదండ్రుల చేతిలో పెట్టడానికి స్కూలుకు అయ్యే ఖర్చు రెండు కాగితాలు.

జనరల్ ట్రాక్ పట్టినవాళ్లకు కాలిఫోర్నియాలో ఇంకో దారి ఉంది. కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల ప్రభుత్వ కాలేజీలో) చేరి, అవసరమైన కోర్సులు పూర్తిచేసి, మూడో ఏడాదికి యూసీకి మారవచ్చు. ఆ కాలేజీలో చేరడానికి 18 ఏళ్లు నిండితే చాలు, అసలు డిప్లొమా లేకపోయినా తీసుకుంటారు. ఏళ్ల తరబడి ప్రైవేటు స్కూలు ఫీజు కట్టిన తల్లిదండ్రులకు ఈ మాట పన్నెండో తరగతిలో కాకుండా తొమ్మిదిలోనే తెలిస్తే, ఏ ట్రాక్ కావాలన్న చర్చ ఇంకోలా సాగుతుంది.