రివ్యూ క్యూ గారికి ఒక మనవి

మహారాజశ్రీ రివ్యూ క్యూ గారి సముఖానికి,

నమస్కారాలు. మన వార్తల సైటులో ఎవరైనా రాయొచ్చు గానీ, రాసిన ప్రతి వార్తా ఇంకొక రివ్యూయరు చూసి ఒప్పుకునేదాకా తమరి వరసలోనే నిలబడాలి. తమరు ఎక్కడివారు అక్కడే ఉన్నారు కాబట్టి క్షేమమేనని తలుస్తాను. మా మాస్టారి వార్తకి నిన్న మధ్యాహ్నం తమరు అంటించిన ఎర్రపట్టీ చూశాను. ‘పాతబడింది, ప్రచురణకు తగదు.’ చాలా సంతోషం. ఆ వార్త విజయవాడ సింగ్‌నగర్‌లోకి బుడమేరు వాగు వచ్చి పడటం గురించి. తమరు పట్టీ అంటించే వేళకి మాస్టారి వీధిలో ఆ నీళ్లు ఇంకా మోకాలి లోతున ఉన్నాయి. వరద పాతబడలేదండీ, వార్త పాతబడింది!

మాస్టారు రిటైరైన లెక్కల మాస్టారు. ‘ఏమ్మా, ఇందులో నాలాంటి వాళ్లు కూడా రాయొచ్చా?’ అని అడిగితే, ‘ఎవరైనా రాయొచ్చు మాస్టారూ’ అని నేనే చేర్పించాను. ఖాతా తెరవగానే ‘స్వాగతం, ధైర్యంగా రాయండి’ అని సందేశం వచ్చింది. ఆయన దానికి ‘ధన్యవాదాలు నాయనా’ అని జవాబు రాసి, అవతలివాళ్లు ఏమంటారో అని ఎదురుచూశారు. అది మనిషి కాదు, తనంతట తానే సందేశాలు పంపే బాట్ అని చెప్పడానికి నాకు మనసు రాలేదు.

సోర్సు లింకు పెట్టిన ప్రతిసారీ ‘మీరు మనిషేనా?’ అంటూ వంకర అక్షరాలు చూపించే ఆ క్యాప్చాకి కూడా నా తరఫున ఒక దండం చెప్పండి. కరెంటు లేదు, పవర్‌బ్యాంకు పక్కింటివాళ్లది, చుట్టూ నీళ్లు. మేడ మీద కూర్చున్న ఆ మనిషి తాను మనిషినేనని నిరూపించుకుంటూ గడిపాడు.

ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు రావడం, కొట్టుకొచ్చిన బోట్లు గేట్లని గుద్దడం అన్ని పేపర్లలోనూ వచ్చాయి. మాస్టారి దగ్గర ఉన్నది వేరు. ఆయన నోటుబుక్కులో ఎడమవైపు టైము, కుడివైపు నీళ్లు ఎక్కిన మెట్టు. పొద్దున ఆరింటికి మూడో మెట్టు. తొమ్మిదింటికి ఐదు. సాయంత్రానికి ఏడు. ఏ గంటకి పడవ వచ్చింది, ఏ సందు దాకా వచ్చి వెనక్కి తిరిగింది, ఎవరింట్లో పాలు లేవు, అన్నీ రాసుకున్నారు. ఆ పేజీల ఫొటోలు కూడా ఎక్కించారు. ఇంతకన్నా పద్ధతిగా నోట్సు ఇచ్చిన రిపోర్టరు మన సైటులో నాకు తెలిసి ఇంకొకరు లేరు.

అయితే ఆయన మొదటి ప్రతి మైలవరం కొండల్లో మొదలైంది. బుడమేరు అక్కడ పుడుతుంది కాబట్టి! అక్కణ్ణుంచి నీళ్లని అదుపు చేసే వెలగలేరు రెగ్యులేటరు, ఆ తర్వాత వాటిని పక్కకి మళ్లించే డైవర్షన్ కాలువకి పడ్డ గండ్లు... ఆరో పేరాకి గానీ నీళ్లు సింగ్‌నగర్ చేరలేదు. ‘అసలు సంగతి ముందు చెప్పాలి మాస్టారూ’ అన్నాను. ఆయన ఫోన్లో చార్జింగ్ అయిపోతోందని లీడు, అంటే వార్త మొదటి వాక్యాలు, నేనే టైపు చేశాను. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, ఎక్కడ, ఏం జరిగింది, ఎందుకు. రెండు వాక్యాలు. అంతే, అనర్హురాలినైపోయాను.

వార్తలో చేయి పెట్టినవాళ్లు దాన్ని రివ్యూ చేయకూడదు. నాకు రివ్యూ హక్కు ఉంది, ఆ బటన్ నా కళ్లముందే ఉంది, నొక్కితే వార్త బయటికి వెళుతుంది. నొక్కకూడదు. పోనీ, మడి చెడని మిగతా రివ్యూయర్లో? ఒకరికి పరీక్షలు, ఒకరికి కొత్త ఉద్యోగం, ఇంకొకరు బతికున్నారో లేదో తెలియదు. ఉన్నవాళ్లకి తెలుగు రాదు, మాస్టారు ఇచ్చిన సోర్సుల్లో సగం తెలుగు పేపర్ల జిల్లా పేజీలు. అవి చదవగలిగేది నేను ఒక్కదాన్నే. నేనేమో పనికిరాను.

రూలు తప్పని అనను. రాసినవాళ్లే అచ్చేసుకుంటే ఏమవుతుందో బెజవాడలో ఎవరినైనా అడగండి. ‘కట్ట మళ్లీ తెగింది’ అని వాట్సాప్‌లో ఒక్క ముక్క వస్తే చాలు, జనం పిల్లల్నెత్తుకుని రోడ్డెక్కారు. ఆ ముక్కకి రివ్యూ లేదు, క్యూ లేదు. అందుకే తమరంటే నాకు ఇప్పటికీ కాస్త గౌరవం. ఎవరు రాసినా ఇంకొకరు చూడాలన్న మాట మీద నిలబడింది మన సైటే.

కానీ చూసేవాళ్లు లేనప్పుడు ఆ గడియారం ఎవరి కోసం తిరుగుతోంది? రెండు మూడు రోజులు దాటితే పాతదే అంటావు. ఆలస్యం చేసింది మాస్టారా? నువ్వు. నీ దగ్గర మగ్గి మగ్గి పాతబడింది, శిక్ష ఆయనకి. కొత్తవాళ్లని కరవొద్దని నీ నియమాల గోడ మీద రాసుకున్నావు. కరవడానికైనా ఒకసారి దగ్గరికి రావాలి కదా!

వచ్చారు, చివర్లో ఒకరు వచ్చారు. ఎర్రపట్టీ కింద ఒక వ్యాఖ్య పెట్టారు: ‘మూడో మెట్టు అంటే నేల నుంచి ఎన్ని సెంటీమీటర్లో తెలుపగలరు.’ మాస్టారికి చదివి వినిపించాను. ఆయనకి కోపం కూడా రాలేదు. ‘న్యాయమైన ప్రశ్నేనమ్మా, కొలుస్తాను. ముందు నేల కనపడనీ’ అన్నారు.

నాకు వచ్చింది కోపం. ఇంకా దిగలేదు.

ఆయన మాత్రం అప్పుడే రెండో వార్త పంపేశారు, గండ్లు పూడ్చడానికి ఆర్మీ దిగడం మీద. ఈసారి నేను కామా కూడా ముట్టుకోలేదు, అర్హత కాపాడుకోవాలి కదా. కథ మళ్లీ మైలవరం కొండల్లోనే మొదలైంది. పక్కన కూర్చుని సరిచేస్తే ఐదు నిమిషాల పని. సరిచేస్తే రివ్యూకి పనికిరాను. కాబట్టి ఈ రాత్రికి దాన్ని నేనే తిప్పికొట్టి, ‘లీడు మార్చండి’ అని నీ పట్టీ ఒకటి అంటిస్తాను.

ఇట్లు,
ప్రస్తుతానికి అర్హురాలైన
ఒక రివ్యూయర్