కుర్రాడి జీతానికి కళ్లెం, యజమానికి బీమా

అమెరికన్ ఫుట్‌బాల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ జట్టును 2023 సీజన్‌లో ఫైనల్ మ్యాచైన సూపర్ బౌల్ దాకా నడిపించిన కుర్రాడు బ్రాక్ పర్డీ. ఆ ఏడాది అతని మూల జీతం 8 లక్షల 70 వేల డాలర్లు. జట్టులోని మరో ఆటగాడితో కలిసి ఒకే అపార్ట్‌మెంట్‌లో సర్దుకుని ఉండేవాడు. అదే ఏడాది సెప్టెంబరులో సిన్సినాటి జట్టు తన క్వార్టర్‌బ్యాక్ జో బరోకు ఏడాదికి సగటున 5.5 కోట్ల డాలర్ల లెక్కన ఒప్పందం రాసిచ్చింది. ఇద్దరూ చేసేది ఒకటే పని. బంతి చేతికి అందగానే, మీదికి దూసుకొచ్చే భారీకాయులను తప్పించుకుంటూ, రెండు మూడు సెకన్లలో దాన్ని ఎవరికి విసరాలో తేల్చుకోవాలి. జీతంలో తేడా మాత్రం అరవై రెట్ల పైమాటే.

పర్డీ ఆటలో లోపమేమీ లేదు. అతన్ని కట్టిపడేసింది నిబంధన. 2022 డ్రాఫ్ట్‌లో అతనిది చిట్టచివరి పేరు, 262వ స్థానం. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్ఎల్‌లో కాలేజీ ఆటగాళ్లను జట్లు వరసగా ఎంచుకునే పద్ధతే డ్రాఫ్ట్. ఓడిన జట్టుకు ముందు అవకాశం, గెలిచిన జట్టుకు ఆఖరున. అలా అన్ని జట్ల వంతూ ఒకసారి పూర్తయితే ఒక రౌండు; ఆ వంతులను జట్లు ఇచ్చిపుచ్చుకోవచ్చు. ఏ నంబరులో ఎంపికైతే ఆ నంబరుకు జీతం దాదాపు ముందే ఖరారై ఉంటుంది. ఒప్పందం నాలుగేళ్లు. మూడు సీజన్లు పూర్తయ్యేదాకా దాన్ని తిరగరాయడానికి వీల్లేదు. జట్టు యజమాని మనసు కరిగి ‘బాగా ఆడుతున్నాడు, పెంచుదాం’ అనుకున్నా కుదరదు. తొలి రౌండులో ఎంపికైనవారి విషయంలో అయిదో ఏడాది కూడా ఉంచుకునే హక్కు జట్టుదే. ఆ హక్కు వాడుకోవాలా వద్దా అన్నది ఆటగాడిని అడిగేది కాదు.

ఈ కళ్లెం ఊరికే పడలేదన్నదీ ఒప్పుకోవాలి. 2011కు ముందు కొత్తవాళ్ల జీతాలు నిజంగానే హద్దు దాటాయి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుగా, ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే ఆడినా ఆడకున్నా చేతికొచ్చే కోట్ల డాలర్ల గ్యారంటీలు. 2007లో ఓక్లాండ్ రైడర్స్ మొట్టమొదటి ఎంపిక జమార్కస్ రసెల్. బేరం తెగక అతను సెప్టెంబరు 12 దాకా సంతకమే పెట్టలేదు. అప్పటికి సీజన్ మొదలైపోయింది. చివరికి ఆరేళ్లకు 6 కోట్ల డాలర్లకు పైగా ఒప్పందం, అందులో సగం దాకా గ్యారంటీ. మూడు సీజన్లలో 25 మ్యాచ్‌లు మొదలుపెట్టి ఏడు గెలిపించాడు. 2010 మేలో ఇంటికి పంపేశారు. అదే ఏడాది తొలి ఎంపికైన శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు సెయింట్ లూయిస్ రామ్స్ ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్లు రాసిచ్చింది. గ్యారంటీయే 5 కోట్లు. పదేళ్లుగా ఒళ్లు హూనం చేసుకుంటున్న సీనియర్లు ఆ అంకె చూసి మండిపడ్డారంటే ఆశ్చర్యం లేదు.

మరుసటి ఏడాది తొలి ఎంపిక కామ్ న్యూటన్. నాలుగేళ్లకు 2.2 కోట్ల డాలర్లు. ఈ రెండు సంతకాల మధ్య జరిగింది 2011 లాకౌట్. నాలుగున్నర నెలల పాటు యజమానులు తాళాలు వేసి కూర్చున్నారు. కొత్త ఒప్పందంలో ఆటగాళ్ల సంఘం చాలా వాటి కోసం పట్టుబట్టింది గానీ, కుర్రాళ్ల జీతం దగ్గర మాత్రం పెద్దగా పెనుగులాడలేదు. ఎందుకు పెనుగులాడుతుంది? కోత పడేది ఇంకా కాలేజీలోనే ఉన్నవాళ్లకు. వాళ్లకు సంఘంలో సభ్యత్వం లేదు, ఓటు లేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, గదిలో లేనివాడి జీతాన్ని గదిలో ఉన్న రెండు పక్షాలూ కలిసి కోసేశాయి. మిగిలిన డబ్బు సీనియర్లకు వస్తుందన్నది అప్పటి లెక్క.

వచ్చింది కొందరికే. ఆ సంగతి తర్వాత. ముందు, ఈ కోత జట్ల బుర్రలను ఎలా మార్చిందో చూడాలి.

పాత రోజుల్లో మొదటి అయిదు స్థానాల్లో ఎంచుకోవడమంటే వరమా శాపమా తెలిసేది కాదు. ఆ స్థానం వదిలించుకుందామన్నా కొనేవాడు దొరకడం కష్టం. తర్వాత నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్, ఆయన సహచరుడు కేడ్ మాసీ 2005లోనే లెక్కలు కట్టి చూపించారు: పెట్టిన డబ్బుతో పోలిస్తే, తొలి రౌండు మొదట్లో దొరికే ఆటగాడి కన్నా చివర్లో దొరికేవాడే జట్టుకు ఎక్కువ లాభమని. 2011తో ఆ తక్కెడ తిరగబడింది. మొదటి స్థానానికి ధర పడిపోయేసరికి, ఆ స్థానం కోసం జట్లు ఇల్లూ వాకిలీ తాకట్టు పెట్టడం మొదలెట్టాయి. మరుసటి ఏడాదే వాషింగ్టన్ జట్టు ఆరో స్థానం నుంచి రెండో స్థానానికి ఎగబాకడానికి మూడు తొలి రౌండు ఎంపికలు, ఒక రెండో రౌండు ఎంపిక ధారపోసి రాబర్ట్ గ్రిఫిన్‌ను తెచ్చుకుంది. తొలి ఏడాది మెరిసిన గ్రిఫిన్ మోకాలి గాయం తర్వాత మునుపటిలా ఆడలేకపోయాడు. 2023లో కరోలినా మొదటి స్థానం కోసం షికాగోకు తొమ్మిదో ఎంపిక, విసిరిన బంతిని అందుకునే మంచి రిసీవర్ డీజే మూర్, మరుసటి ఏడాది తొలి రౌండు ఎంపిక, ఇంకో రెండు రెండో రౌండు ఎంపికలు అప్పగించి బ్రైస్ యంగ్‌ను తీసుకుంది. కరోలినా ఎంత ఘోరంగా ఆడిందంటే, అది వదులుకున్న మరుసటి ఏడాది ఎంపికే మొదటి నంబరైంది. దాంతో షికాగో కేలెబ్ విలియమ్స్‌ను పట్టుకుపోయింది.

పర్డీ కథకు ముందు భాగం కూడా ఇలాంటిదే. 2021లో ఇదే శాన్‌ఫ్రాన్సిస్కో మూడు తొలి రౌండు ఎంపికలు వెచ్చించి ట్రే లాన్స్‌ను మూడో నంబరుగా తెచ్చుకుంది. అతను జట్టులో నిలదొక్కుకోలేదు. రెండేళ్ల తర్వాత ఒక నాలుగో రౌండు ఎంపికకు డాలస్‌కు అమ్మేసింది. పాత పద్ధతిలో అయితే ఇంత పెద్ద తప్పు చేసిన జట్టు నాలుగేళ్లు లేవలేదు. ఇప్పుడేమైంది? లాన్స్ కూడా చవకే, వాడి బదులు వచ్చిన పర్డీ మరీ చవక. ఇద్దరి మీదా ఆదా చేసిన డబ్బుతో జట్టు నిక్ బోసాకు అయిదేళ్లకు 17 కోట్ల డాలర్లు ఇచ్చి, మిగతా తారలనూ నిలబెట్టుకుని, ఏకంగా సూపర్ బౌల్ ఆడింది. మేం ఈ నిబంధనను బీమా అనేది అందుకే. తప్పు యాజమాన్యానిది, ప్రీమియం కుర్రాడిది.

ఈ కిటుకును అందరికన్నా ముందు లోకానికి చూపింది సియాటిల్. 2012లో మూడో రౌండులో, 75వ పేరుగా దొరికిన రసెల్ విల్సన్ జీతం మరుసటి ఏడాదికి 5 లక్షల 26 వేల డాలర్లు. రిచర్డ్ షెర్మన్ అయిదో రౌండు సరుకు. క్వార్టర్‌బ్యాక్ మీద మిగిలిన సొమ్ముతో మైకేల్ బెనెట్, క్లిఫ్ ఎవ్రిల్ లాంటివాళ్లను బయటి నుంచి కొనుక్కొచ్చి, 2014 ఫిబ్రవరిలో డెన్వర్‌ను 43-8తో చిత్తు చేసింది. 2015లో విల్సన్‌కు నాలుగేళ్లకు 8.76 కోట్ల డాలర్ల ఒప్పందం దక్కింది. ఆ ఒప్పందం తర్వాత అతను ఉన్నంతకాలం సియాటిల్ మళ్లీ సూపర్ బౌల్ ముఖం చూడలేదు. ఇక అప్పటి నుంచి ప్రతి జనరల్ మేనేజర్ నోటా ఒకటే మంత్రం: క్వార్టర్‌బ్యాక్ చవకగా ఉన్న నాలుగేళ్లలోనే కప్పు కొట్టాలి.

ఈ మంత్రం సగం నిజమే. కాన్సస్ సిటీ క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్ కుర్రాడి జీతం మీద ఒక కప్పు గెలిచాడు గానీ, పదేళ్లకు 45 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకున్నాక ఇంకో రెండు గెలిచాడు. 2025 ఫిబ్రవరిలో అతన్ని ఓడించిన ఫిలడెల్ఫియా క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ కూడా అప్పటికే భారీ జీతగాడు. అయినా మంత్రం పట్టు సడలలేదు. సడలకపోగా కంగారు పెరిగింది. నాలుగేళ్ల గడియారం టిక్‌టిక్‌మంటుంటే కుర్రాడికి నేర్చుకునే వ్యవధి ఎవరిస్తారు? 2021 తొలి రౌండులో అయిదుగురు క్వార్టర్‌బ్యాక్‌లు ఎంపికయ్యారు. వారిలో ట్రెవర్ లారెన్స్ తప్ప నలుగురినీ మూడేళ్లు నిండకముందే తొలి జట్లు వదిలించుకున్నాయి. 2018లో అరిజోనా పదో నంబరుగా తెచ్చుకున్న జాష్ రోజెన్‌కు ఏడాది గడవకముందే బదులు వచ్చేశాడు. అదే డ్రాఫ్ట్‌లో మూడో నంబరైన శామ్ డార్నల్డ్‌ను న్యూయార్క్ జెట్స్ పనికిరాడని పంపేస్తే, ఊళ్లు తిరిగి తిరిగి 2024లో మినెసోటాకు 14 విజయాలు తెచ్చిపెట్టాడు. కుర్రాడు చవకైతే, పారేయడమూ చవకే.

అసలు దెబ్బ తగిలింది మాత్రం బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌లకు. జీతం ఎంపిక నంబరును బట్టే తప్ప ఆడే స్థానాన్ని బట్టి కాదన్నది ఇక్కడ కీలకం. పదో నంబరులో క్వార్టర్‌బ్యాక్‌కు అడ్డుగోడగా నిలిచే టాకిల్‌ను తీసుకున్నా, రన్నింగ్ బ్యాక్‌ను తీసుకున్నా జట్టు ఇచ్చే డబ్బు ఒక్కటే. బయటి మార్కెట్‌లో టాకిల్ ఖరీదు చాలా ఎక్కువ. కాబట్టి బయట ఖరీదైన సరుకును డ్రాఫ్ట్‌లో కొనాలి, బయట చవకైనదాన్ని తర్వాత చూసుకోవచ్చు. కిరాణా కొట్టులో ఏ వస్తువైనా ఒకటే ధర అని బోర్డు పెడితే ఎవరైనా ముందు జీడిపప్పే తీసుకుంటారు, కందిపప్పు కాదు. 2013లో తొలి రౌండులో ఒక్క రన్నింగ్ బ్యాక్ కూడా ఎంపిక కాలేదు. అలా జరగడం యాభై ఏళ్లలో అదే మొదటిసారి. మరుసటి ఏడాదీ అంతే.

దాని మీద వయసు లెక్క. హైస్కూలు ముగిసి మూడేళ్లయితే తప్ప డ్రాఫ్ట్‌లోకి రానివ్వరు. అంటే వచ్చేసరికి ఇరవై ఒకటి. నాలుగేళ్ల ఒప్పందం, అయిదో ఏడాది ఆప్షన్, ఆపైన ‘ఫ్రాంచైజ్ ట్యాగ్’ పేరుతో మరో ఏడాది కట్టడి. స్వేచ్ఛగా బేరమాడే రోజు వచ్చేసరికి ఇరవై ఏడు. క్వార్టర్‌బ్యాక్‌కు అది పొద్దు పొడిచే వయసు. మ్యాచ్‌కు ఇరవైసార్లు బంతి పట్టుకుని మనుషుల గోడ మీదికి ఉరికే రన్నింగ్ బ్యాక్‌కు మోకాళ్లు సెలవడిగే వయసు. రుచికి వాడుకుని పక్కన పెట్టే కరివేపాకు బతుకు అతనిది. 2018లో పిట్స్‌బర్గ్ ఆటగాడు లెవియాన్ బెల్ ట్యాగ్ మీద సంతకం పెట్టనని ఏడాది పొడవునా ఆటే మానేశాడు. 2023లో శాక్వన్ బార్క్లీ, జాష్ జేకబ్స్, టోనీ పొలార్డ్ ముగ్గురికీ ట్యాగే దిక్కైంది. న్యూయార్క్ జెయింట్స్ వదులుకున్న బార్క్లీ 2024లో ఫిలడెల్ఫియా వెళ్లి 2,005 గజాలు పరిగెత్తి కప్పు అందుకున్నాడు. మంచిదే. కానీ అలాంటి రెండో ఇన్నింగ్స్ దక్కే రన్నింగ్ బ్యాక్‌లు ఎందరని?

ఇక సీనియర్లకు వస్తుందన్న డబ్బు సంగతి. జట్టు మొత్తం జీతాల పరిమితి 2011లో 12 కోట్ల డాలర్లు, 2025లో 27.92 కోట్లు. ఈ పెరుగుదల నిండా పండింది పది పదిహేను మంది క్వార్టర్‌బ్యాక్‌లకు, బోసా లాంటి తారలకు. ఆరేడేళ్ల అనుభవంతో బెంచీకీ మైదానానికీ మధ్య ఉండే మామూలు ఆటగాడి కనీస వేతనం అనుభవంతోపాటే పెరుగుతుంది కనుక, ఆ చోటుకు నాలుగైదు రౌండ్ల కుర్రాడే జట్టుకు గిట్టుబాటు. తమ్ముడి జీతం కోయించిన అన్నకు తమ్ముడే పోటీ అయ్యాడు.

ఇదంతా మనకు కొత్తేమీ కాదు. ఐపీఎల్ తొలి ఏడాది, 2008లో, అండర్-19 కుర్రాళ్లకు వేలం లేదు, డ్రాఫ్టే. విరాట్ కోహ్లిని బెంగళూరు 30 వేల డాలర్లకు తెచ్చుకుంది. సొంతూరు ఢిల్లీ ప్రదీప్ సాంగ్వాన్‌ను ఎంచుకుంది. తర్వాత కొన్నేళ్లు దేశానికి ఆడని కుర్రాళ్లకు 10, 20, 30 లక్షల స్లాబులు. వేరే జట్టుతో సొంతంగా బేరమాడినందుకు రవీంద్ర జడేజా 2010 సీజన్ మొత్తం నిషేధం అనుభవించాడు. 2014లో ఆ కుర్రాళ్లనూ వేలంలోకి వదిలారు, కొంప మునగలేదు. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని సన్‌రైజర్స్ 2023లో 20 లక్షలకు తీసుకుని, రెండు సీజన్ల తర్వాత 6 కోట్లకు అట్టిపెట్టుకుంది. డాలస్ కౌబాయ్స్ కార్యాలయమున్న ఫ్రిస్కోలో తెలుగువాళ్లు ఎక్కువ. అక్కడ ఏ కౌబాయ్స్ కుర్రాడూ రెండు సీజన్లకే జీతం పెంచమని అడగలేడు.

కళ్లెం పూర్తిగా తీసేయాలని మేం అనడం లేదు. రసెల్ నాటి గ్యారంటీలు మళ్లీ వద్దు. మొదటి నంబరు జీతానికి పరిమితి ఉండనివ్వండి. మార్చాల్సింది కట్టడి గడువును. ఒప్పందం మూడేళ్లకు కుదించాలి. రెండు సీజన్లు ఆడాక బేరానికి తలుపు తెరవాలి. అయిదో ఏడాది ఆప్షన్‌ను, అది ముగియగానే మీద పడే ట్యాగ్‌ను ఒకే ఆటగాడిపై రెండూ వాడకూడదు. జట్లు దివాలా తీస్తాయన్న బెదిరింపు చెల్లదు, ఎలాగూ మొత్తం జీతాలకు పైకప్పు ఉండనే ఉంది. ఏజెంట్లు ఇప్పటికే సందులు వెతుకుతున్నారు. 2025లో హ్యూస్టన్ జట్టు రెండో రౌండు కుర్రాడు జేడెన్ హిగిన్స్‌కు తొలిసారి పూర్తి గ్యారంటీ ఇవ్వగానే, ఆ రౌండులో ఎంపికైనవారిలో దాదాపు అందరూ అదే కావాలంటూ జూలై దాకా సంతకాలు ఆపేశారు.

సంఘానికీ యజమానులకూ మధ్య ఇప్పటి ఒప్పందం 2030 సీజన్‌తో ముగుస్తుంది. దాని తర్వాతి డ్రాఫ్ట్‌కు వచ్చే కుర్రాళ్లలో కొందరు 2010లో, బ్రాడ్‌ఫర్డ్ 7.8 కోట్ల డాలర్లకు సంతకం పెట్టిన ఏడాది, పుట్టినవాళ్లు. సంఘం, యజమానులు ఎదురెదురుగా కూర్చునే రోజు కూడా వాళ్లకు ఆ గదిలో కుర్చీ ఉండదు.